పెంకుల దిబ్బ మీద గుడ్డు

ఓయ్ అల్లుడూ, ఆగు. జేబులోంచి ఆ చెయ్యి బయటికి తియ్యి. చేత్తో పాటు ఆ రాయి కూడా. నేను చూడలేదనుకున్నావేమో, పెంకుల దిబ్బ మీద నువ్వు వంగినప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. కొత్తల్లుళ్లు అత్తగారింట్లో ఉంగరమో బండో అడుగుతారు. నువ్వు మూడు రోజులుగా రాళ్లు ఏరుకుంటున్నావు. మీ అత్తకు, అదే మా చెల్లెలు సుంకులమ్మకు, ఎంత చౌకగా దొరికావయ్యా. సోషల్ మాస్టరువి కాబట్టి ఎర్ర గీతలున్న రాయి కనబడితే నీ చెయ్యి ఊరుకోదు, నాకు తెలుసు. అయినా దాన్ని ఎక్కడ తీశావో అక్కడే పెట్టాలి. పెట్టేటప్పుడు కూడా దానివైపు చూడకూడదు.

ఎందుకంటావా? ఇలా గట్టు మీద కూర్చో, చెబుతాను. నేను చదివింది ఏడో తరగతి, అదీ ఆఖరి పరీక్ష రోజు కడుపునొప్పి నటించి మధ్యలో లేచి వచ్చినవాణ్ణి. కానీ ఈ ఒక్క విషయంలో చట్టం నాకు తెలిసినంత ప్లీడర్లకు కూడా తెలియదు.

నీ పెళ్లికి ముందు, పోయినేడు సరిగ్గా ఇదే కాలంలో మన మండలంలో ‘మన నేల – మన నిధి’ వారోత్సవాలు జరిగాయి. ప్రాచీన వస్తు సంరక్షణ మండలి అని పట్నంలో ఒకటుంది. వాళ్లు ఆటోకు మైకు కట్టి ఊరూరా తిప్పారు. బడి ముందు షామియానా వేసి, అందరికీ ఉగ్గాని, బజ్జీ పెట్టి, తలా ఒక కరపత్రం ఇచ్చారు. ప్రభుత్వ భూమిలో పాత వస్తువు ఏది కనబడినా తాకరాదు. కదపరాదు, చుట్టుపక్కల ఏదీ మారనివ్వరాదు. వెంటనే ఈ నంబరుకు ఫోను చేయాలి. అధికారి వచ్చి నిర్ధారించేదాకా కనుగొన్న వ్యక్తి అక్కడి నుంచి కదలరాదు, తన వస్తువును తానే నిర్ధారించుకోరాదు. కదిలితే ఆరు నెలలు జైలు.

“పాతదంటే ఎంత పాతది సార్?” అని ఎవరో అడిగారు.

“అది మేము చూసిన పిదప చెప్పెదము. చూచువరకు అన్నియు పాతవే” అన్నాడు వచ్చిన ఆఫీసరు.

అందరికంటే ముందు లేచి ప్రతిజ్ఞ చేసినవాడు మీ మామ మద్దిలేటి, అంటే మా బావ. ఆ రోజు నుంచి కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని తిరిగేవాడు. మా వాకిట్లో పాత కుండ కనబడితే చాలు, “ఓబులేసూ, నంబరుకు ఫోన్ చేయమంటావా?” అని నలుగురి ముందూ నన్ను ఆటపట్టించేవాడు. ఈ ఊళ్లో ఆటపట్టించే పని నాది. అది నేను పుట్టినప్పటి నుంచీ ఉన్న ఏర్పాటు. ఇంకొకడు వచ్చి దాన్ని లాక్కుంటే చూస్తూ కూర్చుంటానా?

ఇక పెంకుల దిబ్బ సంగతి. మీ మామ మూడెకరాల చేనుకూ రోడ్డుకూ నడుమ ఉన్న అరవై సెంట్ల ప్రభుత్వ బంజరు అది. మన ఊళ్లో పగిలిన కుండ, అరిగిన రోలు, విరిగిన తిరగలి ఇంట్లో ఉంచుకోరు, అరిష్టమంటారు. తెచ్చి ఆ దిబ్బ మీద పడేస్తారు. మా ముత్తాత కాలం నుంచీ అంతే. ఆ అరవై సెంట్లు పట్టా చేసిస్తే చేనులోకి బండి దారి వేసుకుంటానని మీ మామ పదకొండేళ్లుగా అర్జీలు పెట్టాడు. దారి లేక ఏటా శనక్కాయ పంటంతా మూటలు కట్టించి నెత్తిన మోయించేవాడు. అర్జీ మాత్రం పదకొండేళ్లుగా పరిశీలనలోనే ఉంది.

మా ఇంట్లో మా అమ్మ నాటి పొత్రం ఒకటుండేది. రోట్లో పచ్చడి నూరే నల్లరాతి గుండు. నలభై ఏళ్లు తిరిగి తిరిగి అచ్చం గుడ్డులా నున్నగా తేలింది. మిక్సీ కొన్నాక దాన్ని గొడ్ల కొట్టం తలుపుకు అడ్డంగా పెట్టాం. దానికి నేను సున్నం, బూడిద, కాస్త చింతపండు పులుసు పట్టించి రెండు రోజులు ఎండబెట్టాను. చూస్తే నాకే భయమేసింది. మీ మామ రోజూ పొద్దున బర్రెను తోలుకొచ్చి బీడీ కాల్చుకునే చోట, దిబ్బ మీద చిన్న గుంతలో దాన్ని సగం పూడ్చి, కంపచెట్ల వెనక నక్కి కూర్చున్నాను.

బావ వచ్చాడు. బీడీ ముట్టించబోయి ఆగాడు. గొంతుక్కూర్చుని చూశాడు. తల ఒకసారి అటు వంచి, ఒకసారి ఇటు వంచి చాలాసేపు చూశాడు. నేను తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. నా ఆలోచన ఏమిటంటే, బావ ఊళ్లోకి పరిగెత్తి పదిమందిని వెంటేసుకొస్తాడు, ఆ పదిమంది ముందు నేను పొత్రం తీసి చంకలో పెట్టుకుని, “పచ్చడికి ఆలస్యమవుతాంది” అంటూ ఇంటికి పోతాను.

బావ పరిగెత్తలేదు. జేబులోంచి కరపత్రం తీసి, నంబరు నొక్కి, తాపీగా చెప్పాడు. “సార్, డైనోసార్ గుడ్డు దొరికినాది. లేదు సార్, తాకలేదు. నాకు చట్టం తెలుసు సార్.”

సర్కారు నంబరును మొదటి గంటకే ఎత్తడం నేనెరిగి అదే మొదలు, అదే ఆఖరు. అరగంటలో మన విఆర్వో ఖాజాహుసేన్ మోటారు సైకిలు మీద దిగాడు. రోజూ మీ మామతో కలిసి టీ తాగే మనిషే. ఆ పూట మాత్రం ముఖం ఎరగనట్టు నిలబడ్డాడు.

“కనుగొన్న వ్యక్తి ఎవరు?”

“నేనే సార్, మద్దిలేటిని. పదకొండేండ్ల సంది మీ ఆఫీసు అరుగు మీదనే ఉండా కదా, తెలీనట్ల అడుగుతావే.”

“అది వేరే ఫైలు. కనుగొన్న సమయమున నీవు ఏ దిశగా ఉంటివి?”

“తూర్పుకు.”

“నిలబడియా, కూర్చొనియా?”

“గొంతుక్కూచోని.”

“అయితే అట్లే ఉండు. పరిస్థితి మారరాదు. ఆ బర్రె ఎవరిది?”

“నాదే.”

“కనుగొనునప్పటికి ఇక్కడనే ఉన్నదా?”

“నా ఎనకనే పండుకోని ఉండె.”

“అట్లయితే అది పరిసరము” అని ఖాజాహుసేన్ ముగ్గుపిండి తెప్పించి బర్రె చుట్టూ గీత గీశాడు. బర్రె ఒకసారి గీతను చూసింది, ఒకసారి ఖాజాహుసేన్‌ను చూసింది, లేచి గీత దాటి నీళ్లకు పోయింది. ఆయన కొంచెంసేపు ఆలోచించి పంచనామాలో రాసుకున్నాడు. “ఉదయం తొమ్మిదిన్నరకు పరిసరము స్వయముగా లేచి నీళ్లకు పోయినది. తిరిగి వచ్చు అవకాశము కలదు.”

ఇక చాలు, చెప్పేద్దామని నేను కంపచెట్లలోంచి బయటికొచ్చాను.

“ఖాజా సారూ, ఆ గుడ్డు సంగతి ఒకటి చెప్పాల.”

“ఏమి, నువ్వు పెట్టినావా?” అని నవ్వి, వెంటనే నవ్వు ఆపేశాడు. “పెట్టినట్లయితే ఏడో నిబంధన వర్తించును. నకిలీ ప్రాచీన వస్తువును ఉంచినవానికి రెండేండ్లు. చెప్పు, ఏమి సంగతి?”

“ఏం లేదు సార్. గుడ్డు బాగుండాది అని.”

నేను తిరిగి పోబోతుంటే మీ మామ గొంతుక్కూర్చున్న చోటి నుంచే పిలిచాడు. ముఖం చూస్తే రాయి కూడా కరిగేట్టుంది.

“ఓబులేసూ, చేను మాగిపోయినాది. ఇప్పుడు పీకకుంటే, వాన పడినాదంటే కాయలు భూమిలోనే మొలకొస్తాయి. నాకు జూస్తే కదిలే దారి లేదు. కూలోళ్లంతా పక్కూరి మిరప చేండ్లకు పోయినారు. ఏడాది తిండబ్బా అది. నువ్వు తప్ప నాకెవరుండారు?”

కదలకుండా కట్టేసింది నేనే కదా. ఏం చేయను? చేనులోకి దిగి వంగాను. మళ్లీ నడుము నిలబెట్టడానికి పంతొమ్మిది రోజులు పట్టింది.

కనుగొన్న వ్యక్తికి ఎండ తగలకూడదని మధ్యాహ్నం ఆఫీసు నుంచి షామియానా పంపారు. దాని గుంజ కోసం ఖాజాహుసేన్ గుంత తవ్వుతుంటే పెంకు ఒకటి బయటపడింది. “ఇదేంది, దీని మీద గీతలుండాయి” అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు.

మీ మామ జేబులోంచి కరపత్రం తీశాడు. “సార్, కనుగొన్న సమయమున మీరు ఏ దిశగా ఉంటిరి?”

ఖాజాహుసేన్ పడమరగా కూర్చున్నాడు.

ఆయన్ని విడిపించడానికి మర్నాడు ఆర్ఐ వచ్చాడు. దిబ్బ ఎక్కుతూ విరిగిన తిరగలి మీద కాలేసి, “ఎవడ్రా ఇక్కడ ఈ రాయి పెట్టింది” అని తిట్టాడు. తిట్టాడంటే చూసినట్టే. మూడో నంబరు. హద్దులు కొలవడానికి సర్వేయరు వచ్చాడు. గొలుసు లాగితే దాని కొసన రోటి ముక్క తగులుకుని వచ్చింది. నాలుగో నంబరు. వీళ్లకు క్యారియరు తెచ్చిన గుమాస్తా అన్నం గిన్నె దించుకోవడానికి చదునైన చోటు వెతికాడు. వెతకడమంటే ఏమవుతుందో నీకు వేరే చెప్పక్కర్లేదు.

పదో రోజుకు తహశీల్దారు ఆఫీసు మొత్తం పెంకుల దిబ్బ మీదే ఉంది. కంప్యూటరు ఒక మంచం మీద, రబ్బరు స్టాంపులు ఇంకో మంచం మీద, బీరువా నిండే ఫైళ్లు ట్రాక్టరులో వచ్చాయి. తలా ఒక కర్రకు నంబరు పలక కట్టి పాతారు. ఆదాయ సర్టిఫికెట్టు కావాల్సినవాళ్లు రోడ్డు మీద నిలబడి కేకేస్తే, రాసిన కాగితం ఉండ చుట్టి విసిరేవారు. తహశీల్దారు విశాలాక్షి మేడం ఒక్కరే జీపు దిగకుండా రోడ్డు మీదే ఉండి మెమో ఇచ్చారు. ‘కార్యాలయ సిబ్బంది బంజరు భూములలో సంచరించునపుడు దృష్టిని భూమికి ఆరడుగుల ఎత్తున నిలుపవలెను.’ ఆ మెమోను దిబ్బ మీదికి తెచ్చిన బంట్రోతు దాన్ని అక్షరాలా పాటిస్తూ నడిచి గుంతలో పడ్డాడు. లేచేటప్పుడు ఊతానికి పట్టుకున్నది పాత కుండ మెడ. పదకొండో నంబరు.

మీ మామకు మాత్రం ఏ లోటూ లేదు. పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం టీ. పరిసరము చిక్కిపోరాదని బర్రెకు రోజూ రెండు మోపుల పచ్చిగడ్డి. అది ఒక పూట అదనంగా పాలిచ్చింది. నేను అటు ఎండలో చేతులు బొబ్బలెక్కి, కాయలతో సహా కట్టె పీకి కుప్పగా వామి వేస్తుంటే, ఈయన షామియానా నీడలోంచి కేక వేసేవాడు. “ఓబులేసూ, ఆ ఈశాన్యం మూల రెండు సాళ్లు ఇడిసిపెట్టినావు చూడు.”

నేను పోయి ఆ రెండు సాళ్లూ పీకేవాణ్ణి. నా పాపం నాది.

పంతొమ్మిదో రోజున సంరక్షణ మండలి నుంచి నిర్ధారణాధికారి పరాంకుశం గారు వచ్చారు. ఇంకో నాలుగు రోజుల్లో ఆయనకు రిటైర్మెంటు. శాలువా కూడా కొన్నారట. ఆయన కాలు నేలకు తగిలితే ఏదో ఒకటి కనబడుతుందని భయపడి, నులక మంచం మీద కూర్చోబెట్టి నలుగురం మోసుకుపోయాం. కుడిచేతి వైపు ముందు కోడు నాది. నలుగురి కళ్లూ ఆకాశం మీదే.

మంచం గుడ్డు దగ్గర ఆగింది. పరాంకుశం గారు పైనుంచి చాలాసేపు చూశారు.

“దీనిని అండమని చెప్పుటకు ఆధారము లేదు” అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. “కాదని చెప్పుటకును ఆధారము లేదు. కావున ప్రస్తుతమునకు ఇది అండప్రాయము.”

“సార్, పగిలి పిల్ల బయటికొస్తే?” అని ఆర్ఐ భయంగా అడిగాడు.

“అప్పుడు విషయము పశువుల ఆసుపత్రికి బదిలీ అగును. అంతవరకు వెచ్చదనము కాపాడవలెను. కింద గడ్డి, పైన వస్త్రము. కనుగొన్న వ్యక్తియే దీనికి తాత్కాలిక సంరక్షకుడు.”

“అంటే నేను పొదగాల్నా సార్?” అన్నాడు మీ మామ.

“ఆ పదము నిబంధనలలో లేదు. కాని భావము అదియే.”

లోపల ఏమైనా చప్పుడు వస్తోందేమో విందామని ఆయన మంచం మీంచి కిందికి వంగారు. సరిగ్గా అప్పుడే నా అరచేతి బొబ్బ ఒకటి పగిలి కోడు జారింది. మంచం ఒరిగింది. ఆయన కళ్లద్దాలు కింద పడ్డాయి. అలవాటు కొద్దీ ఆయన చెయ్యి చాపి తడిమి పైకి తీశారు. చేతిలో కళ్లద్దాలతో పాటు మట్టి మూకుడు ముక్క కూడా ఉంది. పదకొండు మందీ ఆయనకేసి చూశారు.

ఖాజాహుసేన్ మెల్లగా అడిగాడు. “సార్, కనుగొన్న సమయమున తమరు ఏ దిశగా ఉంటిరి?”

“నేను నిర్ధారణాధికారిని.”

“కనుగొన్న వ్యక్తి తన వస్తువును తానే నిర్ధారించుకోరాదు సార్” అని మీ మామ కరపత్రం అందించాడు. “మీరే అచ్చేయించినారు.”

“నాకు నాలుగు దినములలో పదవీ విరమణ.”

“విరమించాలన్నా కదలాల గదా సార్” అన్నాడు ఆర్ఐ. ఆయనకు పద్దెనిమిది రోజుల్లో అదొక్కటే సంతోషం.

అప్పుడు రోడ్డు మీది జీపులోంచి విశాలాక్షి మేడం మైకు పట్టుకున్నారు.

“పరాంకుశం గారూ, చట్టం ప్రభుత్వ భూమికే కదండీ?”

“అవును.”

“ఇది ప్రభుత్వ భూమి కాకపోతే?”

దిబ్బ మీది తలలన్నీ జీపు వైపు తిరిగాయి. బర్రె కూడా నెమరు ఆపింది. మీ మామ గొంతు సవరించుకున్నాడు.

“మేడం, దీని మీద నాదొక అర్జీ ఉండాది. పదకొండేండ్లాయ.”

ఇన్నేళ్లూ ఆ ఫైలు ఎందుకు ఆగిందో తెలుసా అల్లుడూ? విఆర్వో ఉంటే ఆర్ఐ ఉండడు, ఆర్ఐ ఉంటే సర్వేయరు కొలతలకు పోయి ఉంటాడు, సర్వేయరు దొరికితే స్టాంపు బీరువా తాళం గుమాస్తా దగ్గర ఉంటుంది. ఇప్పుడు అందరూ నంబర్ల వరసన కూర్చుని ఉన్నారు, కదలడానికి లేదు. ఫైలు ఒకటో నంబరు దగ్గర బయలుదేరి, ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతూ, నలభై నిమిషాల్లో పదకొండు మందినీ దాటింది. ఆక్షేపణ లేదని మంచం మీద వంగినవారు వంగినట్టే పరాంకుశం గారు కూడా సంతకం చేశారు. జీపు దిగకుండానే మేడం ఆఖరి సంతకం పెట్టారు.

సాయంత్రం నాలుగున్నరకు పెంకుల దిబ్బ మద్దిలేటి పెరడైంది. పన్నెండు మందీ ఒక్క క్షణంలో ఏమీ కనుగొననివాళ్లయ్యారు. వాళ్లు రోడ్డు దాకా పరిగెత్తిన తీరు నేను చచ్చేదాకా మరిచిపోను. పరాంకుశం గారు అందరికంటే ముందున్నారు.

మర్నాడు ఆ దిబ్బ మీదుగానే మీ మామ బండి మొదటిసారి చేనులోకి వచ్చి, నేను వేసిన వామిని ఎక్కించుకుని పోయింది. నాకు మాత్రం మనసు కుదుట లేదు. అందరి దగ్గరా దాచినా బావ దగ్గర దాచకూడదు, కాళ్లు పట్టుకుని చెప్పేద్దామని ఇంటికి పోయాను. మీ మామ వరండాలో బీడీ కాలుస్తున్నాడు. లోపల సుంకులమ్మ రోలు ముందు కూర్చుని శనక్కాయ పచ్చడి నూరుతోంది. రోట్లో తిరుగుతున్నది డైనోసార్ గుడ్డు.

నేను గడపలోనే నిలబడిపోయాను.

“ఏమన్నా, అట్ల నిలబడినావే? కూచో” అంది. “అమ్మ నా పెండ్లికి రోలూ పొత్రమూ రెండూ ఇస్తనని రోలు మాత్రం బండెక్కిచ్చె. పొత్రం వదిన దాపెట్టుకొనె. ఇరవై ఏండ్ల సంది అడుగుతాండా. ఇచ్చినావా?”

“ఇది ఆ పొత్రమేనని నీకెట్ల తెలుసు?”

“పదేండ్లప్పుడు నువ్వు మిద్దె మెట్ల మీద దొర్లిచ్చి పెచ్చు లేపినావు కదా. ఇదో, ఈడ. ఎన్ని సున్నాలు పూసినా పెచ్చు యాడికి పోతాది?”

నేను వరండాలోకి తిరిగాను. “బావా, నీకు ఎప్పుడు తెలిసింది?”

మీ మామ బీడీ నలిపి పారేశాడు. “ఆ పొద్దే. గొంతుక్కూచోని చూస్తి, పెచ్చు కనపడె. మీ చెల్లెలికి ఫోన్ చేద్దామని తల ఎత్తితి. కంపచెట్లల్లో నీ తువ్వాల కనపడె. సరే, ఇంత కష్టపడి పెట్టినాడు కదా అని పెద్ద నంబరుకే చేస్తి.” దగ్గరికి జరిగి, “చెయ్యి చూపియ్ ఓబులేసూ. బొబ్బలు మానినాయా?” అన్నాడు.

ఇదీ జరిగింది. పొద్దున నాలుగు దోసెలకు మూడుసార్లు పచ్చడి వేయించుకుని, “అత్తా, మిక్సీ పచ్చడికి ఈ రుచి రాదు” అన్నావు చూడు, అది ఆ గుడ్డుతో నూరిందే. శనక్కాయలు నేను పీకినవే.

ఏదీ, ఆ రాయి ఇలా ఇవ్వు. ఎర్ర గీతలు చూసి ఎన్ని వేల ఏళ్ల నాటివోనని మురిసిపోతున్నావు కదూ? నిన్న సాయంత్రం మీ మామ అన్నానికి కూర్చున్నప్పుడు వేళ్లకు ఎర్రమన్ను అంటుకుని ఉంది. ఎంత కడిగినా పోలేదు. దిబ్బ పట్టా అయిందని నీకెవరూ చెప్పి ఉండరు, కరపత్రం మాత్రం నీ మంచం దగ్గర కనబడేట్టు పెట్టి ఉంటారు. ఆ రాయి జేబులో ఉండగా మీ మామ ఎదురై, ఆరు నెలలు జైలని చదివి వినిపిస్తే, ఏ పని చెప్పినా చేస్తావు.

చేను మళ్లీ మాగింది అల్లుడూ.